బానెట్ వెనుక నా కేక

రిటైరయ్యాక మా ఆయన ఒక పాత జీపు కొని, గోదావరిఖనిలో మా ఇంటి ముందు పెట్టుకుని బాగుచేసేవాడు. గనిలో మిషన్ల మధ్య పనిచేసి ఆయనకు చెవులు మందగించాయి. దవాఖానలో చూపించుకోమంటే, "నా చెవులు మంచిగనే ఉన్నయ్, ఇంజనే సప్పుడు చేస్తలేదు" అనేవాడు.

ఒక సాయంత్రం ఆయన సీట్లో కూర్చుని ఇంజన్ రేజ్ చేస్తున్నాడు. నేను ఎత్తిన బానెట్ ముందు వంగి, డీజిల్ ఎక్కడ కారుతోందో టార్చితో చూస్తున్నాను. ఫ్యాను నా కొంగును లాక్కుంది. కేకలు పెట్టాను. ఆయనకు వినబడలేదు. బానెట్ అడ్డంగా ఉండటంతో నేను కనబడలేదు. కొంగు నన్ను ముందుకు ఈడుస్తుంటే, టార్చిని పక్కకు చాపి అడ్డంగా ఊపాను. గనిలో దీపం అట్లా ఊపితే ఆపమని గుర్తు అని ఆయనే చెప్పేవాడు. వెంటనే ఇంజన్ ఆగింది.

ఆయన దిగొచ్చి కొంగు కోశాడు.

"గట్టిగ ఒర్లొద్దానే?"

"ఒర్లిన. నీకే ఇనవడలే."

ఫ్యానుకు చుట్టుకున్న కొంగు ముక్క పీకేశాడు. "రేపు దవాఖానకు పోదాం తియ్యి" అన్నాడు.

ఆయన ఇప్పుడు లేడు. ఈ మధ్యే అక్షరాలు నేర్చుకున్న నాకు మొదట రాయాలనిపించింది ఈ సంగతే. అన్నేళ్ల కాపురంలో ఆయన నా మాట ఒప్పుకున్నది ఆ ఒక్క సాయంత్రమే.