డీజిల్ ట్యాంకుకు తాళం

సీతాఫల్‌మండిలో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో నేను బాయిలర్ నడుపుతాను. ఐదో తరగతి దాకే చదివాను, రాతలో తప్పులుంటే మన్నించండి.

నిరుడు మా బాయిలర్ ఎప్పటికంటే ఎక్కువ డీజిల్ తాగసాగింది. సేఠ్ నన్నే అనుమానించి ట్యాంకుకు తాళం వేశాడు. సాయంత్రం ఇస్త్రీ చేసే ఆడవాళ్లందరి ముందు నా టిఫిన్ డబ్బా తెరిపించి వాసన చూశాడు. పప్పు వాసన వచ్చి ఉంటుంది.

"సేఠ్, డీజిల్ చిమ్నీలకెల్లి పోతున్నది. లోపల గొట్టాలకు మసి పట్టింది, నీళ్లకు వేడి అందుతలేదు. సాఫ్ చేయాలె," అన్నాను.

"నువ్వెప్పుడు ఇంజనీర్ అయినవ్ రా?" అన్నాడు.

తాళం వేశాక కూడా పది రోజులు అంతే డీజిల్ పోయింది. ఉండబట్టలేక సెలవు రోజు నేనే వచ్చి, చల్లారిన బాయిలర్ తెరిచి, తీగ బ్రష్‌తో ప్రతి గొట్టం రుద్దాను. బస్తా నిండా మసి వచ్చింది. మర్నాటి నుంచి అంతే ఆవిరికి డీజిల్ తక్కువ పట్టింది.

వారానికి సేఠ్ పిలిచాడు. షాబాష్ అంటాడనుకున్నాను.

"చూసినవా, తాళం ఏస్తే దొంగతనం ఎట్ల బంద్ అయిందో!"

నాకు ఒళ్లు మండింది. "తాళమేసినంక సుత పది రోజులు గట్లనే తాగింది గద సేఠ్? మసి తీసినంకనే తగ్గింది."

"గప్పుడు నీ దగ్గర ఇంకో చాబీ ఉండె కావొచ్చు," అని నవ్వాడు.

నా దగ్గర ఏ చాబీ లేదు. ఉన్నది ఆ తీగ బ్రష్ ఒక్కటే. అది కూడా నా పైసలతో కొన్నదే.