ముందు టైరు మీద గోటిగుర్తు

మా బాబాయిని అందరూ గోరుమేస్త్రి అంటారు. ఆయన టైర్ల దుకాణం పెట్టి ఇరవై ఆరేళ్లయింది. దుకాణం అంటే ఒక రేకుల గది, దాని ముందు రెండు మోటారుసైకిళ్లు పట్టేంత సిమెంటు చప్టా, గాలి కొట్టే యంత్రం, మేకులకు వేలాడే కొత్త టైర్లు. పైన బోర్డు మీద ఏదో గొప్ప పేరే రాయించాడు. ఎండకు సగం అక్షరాలు రాలిపోయినా ఎవరూ గమనించలేదు. ఆ వీధిలో ఎవరూ ఏదీ చదవరు.

నేను పార్సిళ్లు పంచుతాను. సంచి నిండేదాకా మధ్యాహ్నాలు ఆ చప్టా మీదే కూర్చుని, చిత్తుకాగితాల కొట్లో తూకానికి కొన్న పుస్తకాలు చదువుకుంటాను. అందుకే ఆయన పని దగ్గరగా చూశాను.

ఎవరైనా బండి తెచ్చి, "మేస్త్రీ, టైరు మార్చాలా, ఇంకొన్నాళ్లు లాగుతుందా?" అంటే ఆయన వెనక టైరు వైపు ఒక్కసారి చూసి వదిలేస్తాడు. దాని సంగతి అదే చెప్తుంది. ఇంజిను లాగుడూ మనిషి బరువూ దాని మీదే కాబట్టి నడుమ అరిగి పీటలా చదునైపోతుంది. గాడి అడుగున చిన్న గట్టు ఉంటుంది. రబ్బరు అరిగి ఆ గట్టుకు సమానమైతే మార్చాల్సిందే. ముందు టైరు అలా కాదు. వెనకవి రెండు మారేలోగా ముందుది ఒక్కటే నడుస్తుంది. అరగలేదు కాబట్టి బాగుందనుకుంటారు. అది మాత్రం చడీచప్పుడూ లేకుండా ఎండి రాయైపోతుంది. బ్రేకు పట్టినప్పుడు నేలను కరిచిపట్టాల్సింది అదే. "వెనకది జారితే బండి తోక ఊపుతుంది, సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకోడానికి నువ్వు బండి మీద ఉండవు" అంటాడు బాబాయి.

అందుకని ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని కుడి బొటనవేలి గోరు రబ్బరులోకి నొక్కుతాడు. గుర్తు పడితే "ఇంకో ఏడాది". పడకపోతే "మార్చెయ్". ఇంకో మాట ఉండదు. ఆ పేరు అలా వచ్చింది.

నేను ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయిగా బాబాయ్. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఎప్పుడు తయారైందో అదే చెప్తుంది. అది చూస్తే పోలా?"

"ఆ బండి ఎండలో నిలబడిందో నీడలో నిలబడిందో చెప్తుందా నీ అంకె?"

"చెప్పదు."

"మరి? చదివి చదివి నువ్వూ అంకెల మనిషివైపోయావురా. పో, పార్సిల్ ఇచ్చి రా."

సంచి భుజాన వేసుకుని లేచాను. ఇంకేం చెప్పినా ఆయన వినే రకం కాదు.

చలికాలంలో ఒకరోజు టైరు ఊడదీస్తుంటే లివరు జారి ఆ గోరు మీదే పడింది. నల్లబడింది, ఊడింది, ఎండలు మొదలయ్యేసరికి కొత్తది వచ్చింది. మందంగా, వంపు లేకుండా, ఉలి మొనలా వచ్చింది. "అదేం గోరండీ, డబ్బా మూతలు తీసుకోవచ్చు" అంది పిన్ని. అందరం నవ్వాం. ఆయన మళ్లీ చక్రాల ముందు కూర్చుని నొక్కడం మొదలుపెట్టాడు. ఆ ఎండాకాలమంతా జనం సంతోషంగా తిరిగి వెళ్లారు. ఎవరి టైరు చూసినా ఇంకో ఏడాదే.

మొదటి వానలు పడిన వారంలో ఒక కుర్రాడు మోటారుసైకిలు నడిపించుకుంటూ తెచ్చాడు. కాన్పుల వార్డులో పనిచేసే నర్సుకి తమ్ముడు. ఆ బండి ఆమెది.

"అక్క పడిపోయింది మేస్త్రి గారూ. చెయ్యి విరిగింది."

"అయ్యయ్యో. ఎక్కడ?"

"ఆసుపత్రి మలుపులో. మెల్లగానే వస్తోందట, బ్రేకు పట్టగానే ముందు చక్రం పక్కకి జారిపోయిందట. టైరు మీరు చూశారు కదా, అది బాగానే ఉందట. ఇంకేదైనా పాడైందేమో చూడమంది."

బాబాయి చక్రం ముందు కూర్చున్నాడు. గోరు నొక్కాడు. గుర్తు పడింది. "టైరు బాగానే ఉంది" అన్నాడు. కుర్రాడు బండి వదిలి వెళ్లాక బేరింగు చూశాడు, ఫోర్కు చూశాడు. అన్నీ బాగున్నాయి. నాకేమీ తోచక, పుస్తకం పక్కన పెట్టి నేనూ ఆ టైరు నొక్కి చూశాను.

"బాబాయ్, నా గోటికి పడట్లేదు."

"సరిగ్గా నొక్కు."

"గోరు వెనక్కి తిరిగేలా నొక్కాను. రాయిలా ఉంది."

ఆయన వచ్చి మళ్లీ నొక్కాడు. గుర్తు పడింది. సన్నగా, బ్లేడుతో గీసినట్టు. పాత గోటితో పడ్డ గుర్తులు వేలకొద్దీ చూశాను, ఏదీ ఇలా లేదు. ఈ ఎండాకాలం గుర్తుల్ని మాత్రం వంగి చూడలేదు.

"అది నొక్కు కాదు బాబాయ్. కోత."

ఆయన తన వేలు చూసుకున్నాడు. పక్కన పంక్చర్లు చూసే నీళ్ల బకెట్ ఉంది. గట్టి ప్లాస్టిక్. దాని అంచు మీద గోరు పెట్టి నొక్కాడు. దాని మీదా గుర్తు పడింది.

తర్వాత, "ఎండలు మొదలైనప్పటి నుంచి ఎన్ని చూశాను?" అన్నాడు, నన్నడిగినట్టు కాదు.

ఆయనకు మనుషులు గుర్తుండరు, టైర్లు గుర్తుంటాయి. పక్కభాగం పగిలిన టైరు, గాడిలో గులకరాయి ఇరుక్కున్న టైరు, ఒకవైపే అరిగిన టైరు. ఒక్కొక్కటీ చెప్తుంటే నా పుస్తకం చివరి తెల్ల కాగితం మీద రాశాను. ముప్ఫై ఏడు తేలాయి. నర్సు పోను మిగతా ముప్ఫై ఆరుగురూ వానలో తిరుగుతున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో పిన్ని అడ్డం పడింది.

"ఇంటింటికీ వెళ్లి నేను తప్పు చెప్పానని చెప్పుకుంటారా? రేపు నలుగురూ నవ్వరా? గోరు పోయిన మేస్త్రి దగ్గరికి ఎవరొస్తారు?"

"రాకపోతే పోనీ."

"పోనీ అంటే? గాలి తిని బతుకుదామా?"

"గాలి కొట్టే యంత్రం ఉందిగా."

పిన్ని నవ్వకూడదనుకుంది. కాసేపటికి వంటింట్లోంచి నవ్వు వినిపించింది.

మర్నాటి నుంచి నా బండి వెనక కూర్చుని బాబాయి వీధులన్నీ తిరిగాడు. ఏ ఇల్లు ఎక్కడో నాకు తెలుసు, ఏ టైరు ఏదో ఆయనకు తెలుసు. ఆగిన బండి కనిపిస్తే దిగి, వంగి చూసి, "ఇదే" అనేవాడు. నేను నొక్కేవాణ్ని. ఎవరూ ఒప్పుకోరని, తలుపు మొహం మీద వేస్తారని ముందే అనుకున్నాను. మనుషుల గురించి నాకు అంతకన్నా గొప్ప అభిప్రాయం లేదు. నేననుకున్నది సగమే నిజమైంది.

లెక్కల మాస్టారు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"బాగుందని నువ్వే అన్నావు. బాలేదని నువ్వే అంటున్నావు. కొత్త టైర్లు అమ్ముడుపోవట్లేదా ఏంటి?"

"నా దగ్గర కొనకండి మాస్టారూ. ఎదురు వీధి దుకాణంలో కొనండి. వాన తగ్గేలోగా కొనండి."

"మీరు మీరు ఒకటి కాదని నమ్మకమేంటి?"

"వాడికీ నాకూ పదేళ్లుగా మాటల్లేవు. కనుక్కోండి."

మాస్టారు తలుపు వేసేశాడు. బాబాయి ఆ తలుపుతోనే, "బ్రేకు ముందుది గట్టిగా పట్టకండి మాస్టారూ" అని చెప్పి వచ్చాడు.

పాలవాడు మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి టీ ఇచ్చాడు.

"అదేంటి మేస్త్రీ, నీ గోరే అబద్ధం చెప్తే మేమెవరి గోరు నమ్మాలి?"

"నీ గోరే నమ్ము. రా, నొక్కు."

పాలవాడు నొక్కాడు. వాళ్లావిడ నొక్కింది. వాళ్లమ్మ కూడా వచ్చి నొక్కి, "ఇది నా మడమకన్నా గట్టిగా ఉందిరా" అంది.

నాలుగు రోజుల్లో ముప్ఫై ఆరు బళ్లు చూశాం. అందులో పదకొండు నిజంగానే బాగున్నాయి. ఇరవై ఐదు కావు. పద్నాలుగుమంది మా దగ్గరే మార్పించుకున్నారు, కొందరు ఎదురు వీధికి వెళ్లారు, మిగతావాళ్లు చూద్దాంలే అన్నారు. వాళ్లను బాబాయి రెండోసారి వెళ్లి బతిమాలాడు.

ముప్ఫై ఏడోది నర్సు బండి. అది మొదటి రోజు నుంచీ దుకాణంలోనే ఉంది. ఆమె ఇల్లు మాత్రం చివరికి మిగిల్చాడు. ఎందుకో నేను అడగలేదు.

రెండో అంతస్తులో చిన్న గది. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది, కుడి చేతికి కట్టు. బాబాయి గుమ్మం దాటలేదు.

"తప్పు నాదమ్మా. బండిలో ఏ లోపం లేదు. టైరు ఎండిపోయింది. నేను చూసి కూడా బాగుందన్నాను."

గోరు సంగతి మొత్తం చెప్పాడు, బకెట్‌తో సహా. అంతా విన్నాక ఆమె మెల్లగా అంది.

"రోజూ మా పాపని వెనక కూర్చోబెట్టుకుని బడిలో దింపుతాను మేస్త్రి గారూ. ఆ రోజు సెలవు."

బాబాయి తల వంచుకున్నాడు. నాకు కిందికి వెళ్లిపోదామనిపించింది.

"లోపలికి రండి. ఆ వేలు చూపించండి."

ఎడమ చేత్తో ఆయన బొటనవేలు పట్టుకుని, గోటి మొదట్లో నొక్కి, వెలుగుకి తిప్పి చూసింది.

"నొప్పుందా?"

"లేదమ్మా."

"గోటి వేరు దెబ్బతింది. కత్తిరించినా ఇలాగే పెరుగుతుంది."

"అయితే మార్చడానికి లేదు."

"లేదు." చెయ్యి వదిలేసింది. "టైరు మార్చండి. కానీ మీరొక్కరే చూస్తే ఎక్కను. ఇంకొకరు కూడా చూడాలి" అంది.

"వీడు చూస్తాడు. నెలన్నర దాకా ఎలాగూ నువ్వు ఎక్కలేవు. కొత్త టైరు నున్నగా ఉంటుందమ్మా, మొదటి వంద కిలోమీటర్లు నమ్మడానికి లేదు. ఆ వందా నేను తిప్పి ఇస్తాను."

ఆ రోజే టైరు వేశాం. వెయ్యబోయే ముందు, నేను అడక్కుండానే, కొత్త టైరు పక్కన అంకెలు నా చేత చదివించాడు. పదకొండు వారాల కిందటిది.

తర్వాత వారం పైగా, రోజూ సాయంత్రం వాన వెలిసిన వేళ ఆయన ఆ బండి మీద ఊరంతా తిరిగాడు. నడుమ ఒక్కటే గరుకు తేలితే చాలదు, పక్కలూ తేలాలట. అందుకని ఖాళీ మైదానంలో ముందు పెద్ద సున్నాలు చుట్టాడు, రోజులు గడిచేకొద్దీ చిన్నవి. ఇటు కొన్ని, అటు కొన్ని. బంతి ఆడుకునే కుర్రాళ్లు ఆట ఆపి, "తాతా, దారి తప్పావా?" అని అరిచారు. ఆయన చెయ్యి ఊపి ఇంకో చుట్టు తిరిగాడు.

మీటరులో నూటనాలుగు పెరిగిన రోజు బండి చప్టా మీద నిలబెట్టి నన్ను పిలిచాడు.

"నొక్కు."

నడుమ నొక్కాను. ఎడమ పక్క నొక్కాను. కుడి పక్క నొక్కాను.

"పడింది."

"ఎక్కడ?"

చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మూడుచోట్లా వంగి చూశాడు. కుడి చెయ్యి జేబులోంచి తియ్యలేదు. చూడటం అయ్యాక బండి స్టాండు తీసి, తన వంద అయిపోయిందన్నట్టు ఎక్కకుండా, నడిపించుకుంటూ నర్సు ఇంటి వైపు బయల్దేరాడు.