రుఆబాంధాలో జీడిపిక్కలు

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం పలాస నుంచి భిలాయి వెళ్లాను. అక్కడి రుఆబాంధా కాలనీలో ఉంటున్న మా అక్క కోసం గుల్ల తీయని జీడిపిక్కలు ఒక సంచీడు పట్టుకెళ్లాను. మా బావగారు స్టీలు ప్లాంటులో ఇంజనీరు. ఆయనకు తెలియని విషయం ఒకటుంటుందని మా ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

“ఈ గుల్లలో ఘాటైన నూనె ఉంటాదిరా. దాంతో పెయింట్లు, లారీ బ్రేకుల లైనింగులు చేస్తారు. పలాసోడివి, నీకు తెలీదేటి?” అన్నారు.

“కాల్చకుండా కొరక్కండి బావగారూ, మూతి పొక్కిపోతాది.”

“నాకు చెప్తావేటి?” అంటూ ఒక పిక్కను పటుక్కున కొరికారు. లారీలను ఆపే నూనె ఆయన ఉపన్యాసాన్నీ ఆపింది.

తెల్లారేసరికి పెదవులు వంకాయల్లా ఉబ్బి, పొక్కులు లేచాయి. అక్క కంగారుపడిపోయింది. పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ కొబ్బరినూనె తెచ్చి, జీడిపిక్కను పరీక్షగా చూసింది.

“ఇది మా భేల్వా చెట్టుకి చుట్టమే భయ్యా,” అంది హిందీలో. “దాని రసం తగిలినా ఇలాగే పొక్కుతుంది. అందుకే హరేలీ పండక్కి ఆ కొమ్మను పొలంలో గుచ్చుతాం. చీడాపీడా దగ్గరికి రావు.”

మా వైపు జీడి రసం అంటకుండా చేతులకు బూడిద పూసుకుంటాం. ఇక్కడ దాని చుట్టం నల్లజీడినే పొలానికి కాపలా పెట్టుకున్నారు!

“మీరు దీన్ని గుల్లతో తింటారా?” అని ఆమె జాలిగా అడిగింది.

“అందరం కాదు దీదీ, ఇంజనీర్లు మాత్రమే,” అన్నాను.

అందరికంటే ముందు నవ్వబోయి, మూతి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నది మా బావగారే.