యజమాని ముందు పొగిడిన చేను

ప్రొద్దుటూరులో నేను భూముల బేరాలు కుదిర్చేవాణ్ణి. మా వృత్తికి రెండు నాలుకలు కావాలి. అమ్మే రైతు దగ్గర "ఈ చవుడు నేలను ఎవరు కొంటారప్పా" అని నిట్టూర్చాలి. కొనేవాడి దగ్గర అదే నేలను బంగారమని పొగడాలి. ఇద్దరూ ఒకచోట ఉన్నప్పుడు మాత్రం నోరు మూసుకోవాలి. ఆ ఒక్క నీతినీ నేను ఒకసారి తప్పాను.

పులివెందుల దారిలో, తొండూరు దగ్గర ఒక మెట్ట చేను చూపించడానికి జమ్మలమడుగు బట్టల వ్యాపారిని తీసుకుపోయాను. పిలవకపోయినా చేనుగల రైతు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

"ఈడ రాయి నాటినా మొలుస్తాది. బావి తవ్వితే పది అడుగులకే నీళ్లు!"

వ్యాపారి ఒక మట్టిబెడ్డ నలిపి చూసి, చేతులు దులుపుకుని బస్సెక్కాడు. నా మాటలు నమ్మింది రైతు.

"నలభై ఏండ్లుగా దున్నుతాండా. నా చేను ఇంత గొప్పదని ఒకడన్నా చెప్పలేదు మామా. నేనమ్మను పో!" అన్నాడు. ఆ వారమే బావి కూడా మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"ముప్పై అడుగులు తవ్వినా మామా, అంతా బండే. ఆ పొద్దు చేను గురించి చెప్పినావే, ఆ మాటలు ఇంకొకతూరి చెప్పు. నమ్మకం సడలుతాండాది" అన్నాడు.

చెప్పాను. మొదటిసారికంటే బాగా చెప్పాను.