తడవని వర్షమాపకం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గార్లదిన్నె దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మా హెడ్‌మాస్టరుగారు రోజూ ప్రార్థన అయ్యాక, ఇంకో ఇరవై ఏళ్లలో మన దేశం విజ్ఞానంలో ప్రపంచానికే దారి చూపుతుందని పిల్లలకు చెప్పేవారు. చెప్పి, లోపలికి వెళ్లి, సైన్సు బీరువా తాళం సరిగ్గా పడిందో లేదో లాగి చూసుకునేవారు. బీరువా అద్దంలోంచి మైక్రోస్కోపును అందరం చూశాం. మైక్రోస్కోపులోంచి మాత్రం ఎవరమూ ఏమీ చూడలేదు.

జిల్లా సైన్సు ప్రదర్శన ఉంటుందని కబురు వచ్చింది. బీరువా తెరవమని అడిగి లాభం లేదని, నేనూ తొమ్మిదో తరగతి పిల్లలూ కలిసి సీసా, గరాటు, స్కేలుతో వర్షమాపకం తయారుచేసి స్కూలు వెనక నిలబెట్టాం. ఎంత వాన పడిందో రోజూ చార్టులో రాయాలి. అనంతపురం జిల్లాలో ఇంతకన్నా తేలిక పని లేదు. జూన్ అంతా సున్నాలు, జూలై అంతా సున్నాలు. మిగతావి కూడా ఇప్పుడే రాసేస్తే పనైపోతుందని పిల్లలు సలహా ఇచ్చారు. ప్రదర్శన దగ్గరపడేకొద్దీ నాకు గుబులు పట్టుకుంది. ఒక్క అంకె కోసం, సైన్సు టీచరునై ఉండి కూడా, ఆకాశానికి దండాలు పెట్టాను.

ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం వాన దంచింది. పాఠం వదిలేసి పిల్లలూ నేనూ వెనక్కి పరిగెత్తాం. అక్కడ మా అటెండరు వర్షమాపకం మీద బకెట్ బోర్లించి, గోనెసంచి కప్పి, ఆ పైన హెడ్‌మాస్టరుగారి గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. తాను మాత్రం తడిసి ముద్దయ్యాడు.

"ఏం భయం లేదు మేడం. ఒక్క సుక్క గూడా లోపలికి పోనియ్యలేదు," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు కప్పావని అరిచాను. సైన్సు సామాను తడిస్తే ఊరుకునేది లేదని పెద్దసారు చెప్పిన సంగతి నాకు నిదానంగా గుర్తుచేశాడు. బకెట్ తీసేసరికి వాన వెలిసింది. వరండాలోంచి హెడ్‌మాస్టరుగారు, ఉద్యోగమంటే అలా చేయాలని అతన్ని మెచ్చుకున్నారు.

చార్టు రాసే అమ్మాయి నీళ్లోడుతూ నా ముందు నిలబడింది. "ఇప్పుడు ఏం రాయల్ల మేడం?"

సీసాలో ఉన్నదే రాయమన్నాను. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ పిల్ల సున్నా రాసింది.

ప్రదర్శనలో బహుమతులు నిర్ణయించే లెక్చరరు ఆ సున్నా మీద వేలు పెట్టి, నిన్నటి వానలో తన చొక్కా కూడా తడిసిందే అన్నాడు. అమ్మాయి ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. మిగతావాళ్లందరూ పుస్తకంలో ఉన్నది దించారు, మీరొక్కరే నిజంగా కొలిచారు అని రెండో బహుమతిగా భూతద్దం ఇచ్చాడు.

తిరుగు బస్సులో పిల్లలు ఆ భూతద్దంతో టికెట్లు చూశారు, ఒకరి పళ్లు ఒకరు చూశారు, కండక్టరు మీసం కూడా చూశారు. నాకు కడుపు నిండిపోయింది.

మర్నాడు ప్రార్థనలో హెడ్‌మాస్టరుగారు భూతద్దాన్ని పైకెత్తి చూపించి, దేశ భవిష్యత్తు గురించి మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు మాట్లాడారు. తర్వాత పగిలిపోకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు వరుసగా వచ్చి, దాన్ని అద్దంలోంచి చూసి వెళ్లారు.