గాలి చొరని బండి

చేతిపని వచ్చినవాడికి కాస్త పొగరుంటుంది. నాకు కాస్త కాదు, బోలెడు ఉండేది. ఆ పొగరుతోనే ఒక రేకుల బండిని ఇల్లు చేశాను. ఆ ఇంట్లోనే నా మొదటి బిడ్డ ఇరవై రోజులు నిండకుండా పోయింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి మిమ్మల్ని ఏడిపించాలని నాకు లేదు. దాచడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు.

తొంభైల చివర్లో నేను సంతల్లో రెడీమేడ్ బట్టలు అమ్మేవాణ్ణి. మా ఇల్లు కింద సాలూరు దగ్గర. వ్యాపారమంతా పైన కొండ మీద. డుంబ్రిగుడ సంత, అరకు సంత, మధ్యలో చిన్నాచితకా సంతలు, వారానికి ఐదు రోజులు అక్కడే. పడక జీపులో, బట్టల మూటల మీద. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ మూడు నెలలు ఓపిక పట్టి, ఒకరోజు పళ్ళెం నా ముందు ఠపీమని పెట్టింది.

"వారానికి రెండు రోజుల మొగుణ్ణి నానేటి సేసుకోను? నన్నూ తీసుకెల్లు. నేదంటే నువ్వే ఉండిపో."

కోపంగానే అంది కానీ, నాకా మాట ఎంత నచ్చిందో! నేను లేకపోతే తోచడం లేదని నాతో అన్న మనిషి అంతకు ముందు లేదు.

అప్పుడే ఘాటీ రోడ్డు వెడల్పు పని ఒకటి ముగిసింది. పనివాళ్ళ కాపలాదారు ఉండే బండి రోడ్డు పక్కన తుప్పుపట్టి పడి ఉంది. రెండు చక్రాలు, పైన రేకుల గది, జీపు వెనక తగిలించి లాక్కుపోవచ్చు. లోపల ఎవరో కోళ్ళను పెట్టుకున్నారు. దాన్ని కొని ఇంటికి లాక్కొచ్చాను. అమ్మ చూసి నుదురు కొట్టుకుంది.

"ఇదేట్రా, కోళ్ళగూడు కొనుక్కొచ్చినావు? ఇందల మనుసులుంటారేటి?"

"రెండు నెలలాగి చూడవే," అన్నాను.

ఆ రెండు నెలలూ నా బతుకులో మంచి రోజులు. తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టాను. పోయిన రేకులు మార్చి కప్పు అతుకుల మీద తారు పూశాను. లోపలి గోడలకు థర్మకోల్, దాని మీద ప్లైవుడ్. ఎత్తితే గోడకు ఆనుకునే మంచం. మా ఆవిడకి అద్దం, అలమర, ఉన్న ఒక్క రేకు తలుపుల కిటికీకి నా సరుకులోంచే కోసిన కర్టెన్. కొండ చలి సంగతి తెలుసు కనక పాత ట్యూబులు కోసి తలుపు అంచు చుట్టూ రబ్బరు బిగించాను. పట్టపగలు తలుపూ కిటికీ వేసుకుని చీకట్లో కూచుని, ఎక్కడ వెలుగు చుక్క కనబడితే అక్కడ లప్పం కుక్కాను. చివరికి ఒక్క చుక్క కూడా మిగల్లేదు. బయటికొచ్చి గొప్పగా చెప్పాను, చీమ కూడా దూరలేదని.

మొదటిసారి బండిలో కొండెక్కినప్పుడు మా ఆవిడ ప్రతి మలుపులోనూ జీపు కిటికీలోంచి తల బయట పెట్టి వెనక్కి చూసేది, ఇల్లు వస్తోందా లేదా అని. సంతలో కొండవాళ్ళు గుంపుగా వచ్చి చూశారు. ఒక ముసలమ్మ లోపల కూచుని, మంచం నొక్కి చూసి, నవ్వింది. ఆ ఏడాది మేం ఎక్కడ ఆగితే అక్కడే మా ఊరు.

మరుసటి చలికాలానికి ఆవిడకి నెలలు నిండాయి. మొదటి పురుడు పుట్టింట్లో పోయాలి. ఆవిడకి తల్లి లేదు. పుట్టింట్లో పురుడు పోసే ఆడదిక్కే లేదు. సంతలు జోరుగా సాగే రోజులు, నేను కిందికి దిగలేను. అమ్మే తేల్చేసింది. "నానొత్తాను. బండిలోనే ఉంచుకుందాం. బాలింతకి గాలి తగల్కుండా ఉంటే సాలు, నీ డబ్బా కంటే గట్టి గది ఊర్లో ఉందేటి?"

కోళ్ళగూడని తిట్టిన అమ్మ అలా అనేసరికి నేను పొంగిపోయాను.

కొండ మీది ఆసుపత్రిలోనే కాన్పు. ఆడపిల్ల. తెచ్చి బండిలో పడుకోబెట్టాం. ఇంక అమ్మ రాజ్యం. బాలింత చెవులకు గుడ్డ కట్టింది. పొద్దున్నే తల్లీబిడ్డలకు నూనె రాసి వేన్నీళ్ళు పోసేది. సాంబ్రాణి పొగ వేసి పడుకోబెట్టి, మంచం కింద కుంపటి పెట్టి, తలుపు మూసేది. కుంపటి విషయంలో అమ్మది మహా జాగ్రత్త. బొగ్గులు బయటే రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడే దాకా ఆగి, అప్పుడే లోపలికి తెచ్చేది. "పొగొత్తే పసిగుంటకి ఊపిరాడదు," అనేది. నన్ను కూడా అలాగే పెంచింది, మా అమ్మమ్మ అమ్మని అలాగే పెంచింది. కొండ మీద ఏ ఇంట్లో చూసినా పొద్దస్తమానం నిప్పు ఉండనే ఉంటుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

పది రోజులయ్యాక మా ఆవిడకి తలనొప్పి మొదలైంది. పడుకుని లేస్తే తల పగిలిపోయేది, వాంతయ్యేది. సాయంత్రానికి సర్దుకునేది. అమ్మ నాడి పట్టుకుని చూసి, "సలిగాలి కొట్టింది. ఎక్కడో కన్నముందిరా," అంది.

నా పనిలో కన్నమా! పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ పూట వ్యాపారం మానేసి మళ్ళీ గోడలన్నీ తడిమి, అనుమానం వచ్చిన ప్రతిచోటా లప్పం పెట్టాను. తలనొప్పి ఎక్కువైంది.

పదిహేడో రోజున మధ్యాహ్నం వచ్చేసరికి కిటికీ బార్లా తీసి ఉంది. మా ఆవిడ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కిటికీకి మొహం ఆన్చి కూచుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధుందా నీకు? పచ్చి బాలింతవి, పసిగుడ్డుకి మంచు గాలి పోస్తావా?"

"నాకు ఊపిరాడ్డం నేదు. తీసినాక తల కూడా తేలికయ్యింది."

"బాలింతలందరికీ అంతే," అన్నాను, నేనేదో నలుగుర్ని కన్నట్టు.

అమ్మ శోకాలు మొదలెట్టింది. నేను కిటికీ మూసి, అంచు చుట్టూ రబ్బరు పెట్టి, నాలుగు మేకులు దిగ్గొట్టాను. మా ఆవిడ మేకు దిగినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. ఇంకేమైనా అన్నా వినేవాణ్ణి కాదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం నేను.

రెండు రోజుల తర్వాత డుంబ్రిగుడ సంత. పది దాటినా మంచు విడలేదు. అమ్మ స్నానాలు చేయించి, కుంపటి రెండింతలు నింపి, తలుపేసింది. బయట పొయ్యి దగ్గర కూచుని మిరియాల చారు కాస్తోంది. నేను అన్నానికి వచ్చాను. తలుపు రబ్బరు పట్టేసి రాలేదు, కాలు దన్ను పెట్టి లాగాను.

లోపల వెచ్చగా, శుభ్రంగా ఉంది. సాంబ్రాణి తప్ప ఏ వాసనా లేదు. మా ఆవిడ నోరు తెరుచుకుని పడి ఉంది. చంకలో బిడ్డ. బుగ్గలు ఎప్పుడూ లేనంత ఎర్రగా ఉన్నాయి. మంచి నిద్రలో ఉందనుకున్నాను. బుగ్గ మీద వేలు పెట్టాను, కదల్లేదు. ఆ గుంటకి ఇంకా పేరు లేదు, ఇరవయ్యొకటో రోజున పెడదామనుకున్నాం. ఏమని పిలవాలో తెలియక, "అమ్మా, అమ్మా," అన్నాను.

ఇద్దర్నీ జీపులో వేసుకుని, అమ్మని ఎక్కించుకుని పరిగెత్తించాను. దారిలో చలిగాలి కొట్టి మా ఆవిడకి తెలివొచ్చింది. బిడ్డకి రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరు నన్నొక్కణ్ణే పక్కకి పిలిచాడు. "లోపల కుంపటి పెట్టారా?"

"పెట్టాం సార్. పొగ లేని నిప్పే."

"పొగ కనబడకపోయినా బొగ్గుల్లోంచి విషవాయువు వస్తుందయ్యా. రంగుండదు, వాసనుండదు. పాకల్లో అయితే కప్పు సందుల్లోంచి పోతుంది. మీ బండిలో సందులున్నాయా?"

"ఒక్కటి కూడా లేదు సార్. నేనే మూశాను," అన్నాను. అప్పుడు కూడా నా గొంతులో ఆ గొప్ప వినిపించింది. ఆ గొంతును ఇవాళ్టికీ అసహ్యించుకుంటాను.

వరండాలోకి వచ్చేసరికి అమ్మ నేల మీద పడి మా ఆవిణ్ణి తిడుతోంది. "కిటికీ తీసేసింది, ఆ గాలే గుంటని పట్టికెల్లిపోనాది!" మా ఆవిడ మంచం మీద గోడ వైపు తిరిగి, "అవునత్తా, నానే తీసినాను, నానే తీసినాను," అంటోంది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. చెప్తే బొగ్గులు అమ్మవి, మేకులు నావి. మూసేశాను.

బండిని గునపంతో పొడిచి, కన్నాలు కన్నాలు చేసి, పాత ఇనుముకి వేసేశాను. నాలుగేళ్ళకి కొడుకు పుట్టాడు. వాడు పుట్టిన చలికాలం మా ఆవిడ ఇంటి కిటికీ సందుల్లో పాతచీరలు కుక్కేది, తలుపు కింద గోనె పరిచేది. కుంపటి మాత్రం నేను ఇంట్లో అడుగు పెట్టనివ్వలేదు. ఆవిడ పడుకున్నాక ఒక గుడ్డ పీకేసేవాణ్ణి. పొద్దున్న లేచి చూసి, తనే సరిగ్గా కుక్కలేదనుకుని తల బాదుకునేది. అది చూసి కూడా చెప్పలేదు. అమ్మ ముసలిదైపోయింది, తట్టుకోలేదు అనుకునేవాణ్ణి. అదీ కొంత నిజమే, కానీ అసలు భయం నా గురించే.

అమ్మ పోయి కర్మకాండలు అయిపోయిన మర్నాడు మధ్యాహ్నం, వడ్డిస్తుండగా చెప్పేశాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు. కిటికీ తెరిచి ఉంటే బిడ్డ బతికేదని కూడా చెప్పాను.

ఆవిడ అన్నం గిన్నె కింద పెట్టింది. "మీ యమ్మకి తెలుసా?"

"తెలీదు."

"నీకెప్పుడు తెలిసినాది?"

"ఆ రోజే."

నా పళ్ళెం వైపు చూసింది.

"ఎనిమిదేళ్ళు నా గుంటని నానే సంపుకున్నానని ఏడిసినాను. నువ్వు ఇనుకుంటా, ఇక్కడే కూకుని, నా సేతి అన్నం తిన్నావు."

తిన్నాను. రెండు పూటలా తిన్నాను.