తొంభై ఏడో పేజీలో పోయిన మంత్రి

“తల తెగినవాడు సలహా ఎలా ఇస్తాడు బాబూ? నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు.”

చదువుకున్నవాణ్ణి కాదన్నాను. దొరికిన పుస్తకాలు సొంతంగా చదువుకున్నాను, అంతే.

“మరీ మంచిది. పెద్ద చదువులవాళ్ళయితే ఎలాగోలా ఇప్పించేస్తారు.”

ఇంత మాట్లాడుతున్నా ఆవిడ చేతులు ఆగలేదు. బల్ల మీది దొంతరలోంచి దుప్పటంత కాగితం లాగడం, ఒక మడత, రెండో మడత, మూడో మడత, విరిగిన ప్లాస్టిక్ స్కేలు ముక్కతో గట్టిగా ఒక్క గీత, పక్కన పడెయ్యడం. ఒక్కో కాగితం మీద అటు ఎనిమిది, ఇటు ఎనిమిది పేజీలు అచ్చయి వస్తాయి. మూడు మడతలు పడితే పదహారు పేజీల కట్ట. దాన్ని ఫారం అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఫారాలు మడిచి, వరసలో పేర్చి, కుట్టుకి పంపుతోంది కాబట్టి బైండింగు షెడ్డులో ఆవిడ పేరు పదహారక్క. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉందట. అది ఆవిడ మడిచింది కాదు గనక తనకు తెలీదంటుంది.

పాత పుస్తకానికి కొత్త కుట్టు వేయించుకుందామని మొదటిసారి అక్కడికి వెళ్ళాను. పదహారక్క మాటలు విన్నాక, మిగిలిన పుస్తకాలన్నీ ఒక్కసారే ఇవ్వడం దండగనిపించింది. మూడు నెలలుగా నెలకొకటి పట్టుకెళ్తున్నాను. ఈమధ్య బాగున్నవి కూడా.

ఆ షెడ్డుకి నవలలు రావు. వస్తే పని సాగదని ఓనరు భయం. వచ్చేవన్నీ పెద్దవాళ్ళు రాసిన పెద్ద పుస్తకాలు: చరిత్ర, కళలు, మతం, రాజకీయం. మడిచిన ఫారానికి పైకి కనిపించేవి రెండే పేజీలు, మొదటిది, పదహారోది. నడుమ పద్నాలుగూ మడతలో ఉండిపోతాయి. కుట్టయ్యాక పక్క గదిలో మిషను మీద అంచులు కోస్తేగాని సరిగ్గా తెరుచుకోవు. కోసేది వాళ్ళాయనే. కోసిన పుస్తకం అటునుంచి అటే అట్ట వేసే చోటికి పోతుంది. కాబట్టి పదహారక్క పాండిత్యమంతా పదహారింట రెండు పేజీలు.

“చాలదా?” అంటుంది. “చరిత్రలో మొదటి పేజీకి యుద్ధానికి బయల్దేరతారు, పదహారో పేజీకి పన్ను వేస్తారు. మధ్యలో ఎవరు గెలిచారో నాకెందుకు? పన్ను ఎలాగూ తప్పలేదు.”

“కళల పుస్తకాలో?”

“ముందు పేజీలో ఈ విగ్రహానికి ముక్కు విరిగింది, అయ్యో అంటారు. వెనక పేజీకి వచ్చేసరికి ఆ విరిగిన ముక్కులోనే అందమంతా ఉందంటారు.”

“మతం?”

“మొదటి పేజీలో దేవుడొక్కడే. పదహారో పేజీకి ఆ ఒక్కడి కోసం రెండు జట్లు. ఇక రాజకీయాలంటావా, అవి మడవడం హాయి. ముందు పేజీ, వెనక పేజీ తారుమారైనా ఎవరికీ తెలీదు.”

పక్క గదిలోంచి వాళ్ళాయన గొంతు వచ్చింది. “దాని మాటలు నమ్మకండి సార్. పుస్తకంలో దానికి తెలిసింది ఎనిమిదో వంతు.”

“మరి మీకెంత తెలుసో?” అంది ఈవిడ తల తిప్పకుండానే.

“నాకు అంచు తెలుసు. అందుకే ఎవరితోనూ గొడవల్లేవు.”

గొడవ అన్నాడంటే ఆ మంత్రి సంగతే. ఆ ఉదయం మా మాటలు మొదలైందీ అక్కడే.

నాలుగు నెలల కిందట ఒక ప్రొఫెసరు గారి పుస్తకం వచ్చింది. ఎప్పటిదో ఒక రాజ్యం, దాని లెక్కాడొక్కా. ఏడో ఫారం మడుస్తుంటే పదహారక్క చెయ్యి ఆగింది. తొంభై ఏడో పేజీలో రాజుగారు మంత్రి తల తీయించారు. నూట పన్నెండో పేజీలో అదే మంత్రి, అదే పేరు, నిండు సభలో గొంతు సవరించుకొని సలహా చెబుతున్నాడు.

“తల లేనోడికి గొంతు సవరణ ఒకటి!” అంది నాతో. “ఓనరుకి చూపించాను. ‘అక్కా, నీ పని మడవడం. చంపుకోవడం, బతికించుకోవడం వాళ్ళ పని’ అన్నాడు. సరే, మనకెందుకని మడిచేశాను. ఐదొందల కాపీలు.”

పుస్తకం బయటికి వెళ్ళింది. నెల తిరక్కుండా పేపర్లో ఎవరో విమర్శ రాశారు. ‘ఈ రాజ్యంలో మరణశిక్ష పడినా ఉద్యోగం పోదు కాబోలు’ అని అందులో ఒక వాక్యం. ప్రొఫెసరు గారికి ఎక్కడో కాలింది. ఫోను చేసి, ఇదంతా బైండింగువాళ్ళ నిర్వాకం, ఫారాలు కలిపేశారు, మిగిలిన మూడొందల కాపీల్లోనూ ఆ ముక్క ఒప్పుకుంటూ చీటీ అంటించాలి అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రాయలేక కుట్టు ఓడు.

ఓనరుకి నిజం తెలుసు. కానీ ప్రొఫెసరు గారివే ఇంకో నాలుగు సంపుటాలు రావాలి. పదహారక్కని పక్కకి పిలిచాడు.

“ఆయన మంచోడే బాబూ. మంచోడు కాబట్టే చెవిలో చెప్పాడు. ‘ఒక్క సంతకం పెట్టక్కా. జీతం ముట్టుకోను. ఓ నెల జిగురు దగ్గర కూర్చో. ఆయన చల్లబడ్డాక మళ్ళీ నీ బల్ల నీకే.’ జిగురు దగ్గర! ఈ బల్ల మీద నేను పని నేర్పిన పిల్లలు ముగ్గురున్నారు. రేపు వాళ్ళలో ఎవరు ఫారం తప్పు పేర్చినా ఏమంటారు? పదహారక్క చెయ్యి పడిందే అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క ఫారం అటూ ఇటూ కాలేదు. నాకున్న ఆస్తి అదొక్కటే. దాన్ని తీసుకెళ్ళి ఆ మంత్రి నెత్తిన పెట్టమంటాడు. ఆ నెత్తి కూడా లేదాయె!”

సంతకం పెట్టనని ఆవిడ అనలేదు. చీటీలో మాటలు మాత్రం తనే చెబుతానంది. ఓనరు తేలిగ్గా ఊపిరి పీల్చుకొని రాసుకున్నాడట. ఆ కాగితం ఇప్పటికీ ఆవిడ టిఫిను డబ్బా సంచిలో ఉంది. తీసి నాకిచ్చింది.

‘మంత్రిగారు తొంభై ఏడో పేజీలో పరమపదించిన సంగతి గమనించక, బైండింగు విభాగంవారు ఆయనను నూట పన్నెండో పేజీలో సభకు హాజరుపరిచినందుకు చింతిస్తున్నాము. ఇకపై పోయినవారిని పోయినచోటనే ఉంచగలమని మనవి.’

చీటీ ఖాయం చేయడానికి ప్రొఫెసరు గారు స్వయంగా షెడ్డుకి వచ్చారు. ఒకసారి చదివారు. కళ్ళజోడు తుడుచుకొని ఇంకోసారి చదివారు.

“ఏమిటీ వేళాకోళం?”

“వేళాకోళం కాదండీ, ఒప్పుకోలు. మీరడిగిందే.”

“ఫారాలు కలిపేసింది మీరు కాదా?”

అప్పుడు పదహారక్క దొంతర వెనకనుంచి మిగిలిపోయిన ఏడో ఫారం ఒకటి తీసింది. దాన్ని నడుమకు తెరిచి బల్ల మీద బోర్లా పరిచింది. కుడివైపు తొంభై ఏడు, ఎడమవైపు నూట పన్నెండు. నడుమ ఒక్క మడత.

“కలిసిపోవాలంటే రెండు కాగితాలుండాలి కదండీ. ఇది ఒక్కటే కాగితం. అటుపక్క తల తెగింది, ఇటుపక్క మాట్లాడుతున్నాడు. బెత్తెడు దూరం. ఇందులో నేను ఎవరిని ఎక్కడ కలపాలో చూపించండి, కలుపుతాను.”

ఓనరు సీలింగు ఫ్యాను వంక చూడసాగాడట, అదేదో అప్పుడే కొన్నట్టు. పక్క గదిలో మిషను ఆగిపోయింది. కరెంటు పోతే తప్ప వాళ్ళాయన మిషను ఆపగా ఆవిడ చూడటం అదే మొదలు.

ప్రొఫెసరు గారు కాగితాల కట్ట మీద కూర్చుండిపోయారు. మంచినీళ్ళడిగారు. తాగాక, ఇందాకటి గొంతు కాదు.

“ఆ అధ్యాయం నేను రాసింది కాదమ్మా. మా శిష్యుడు రాశాడు.”

“మరి మీరు చదవలేదాండీ?”

“మొదలూ చివరా చూశాను.”

ఈ మాట దగ్గర పదహారక్క నాకేసి చూసి, స్కేలు ముక్కతో బల్ల మీద ఒక్కటిచ్చింది. “విన్నావా! నాకైతే మడత అడ్డం. ఆయనకేం అడ్డం?”

చివరికి చీటీ అచ్చయింది. ‘ఇది రచయిత పొరపాటు’ అని ఒకే ముక్క, కింద ఆయన పేరు. మూడొందలూ పదహారక్కే అంటించింది, ఒక్కటీ వంకర పోకుండా. సంపుటాలు నాలుగూ ఈ షెడ్డుకే వచ్చాయి. ఇప్పుడు ఆవిడ మడుస్తున్నది అందులో రెండోది.

కథ అక్కడికి అయిపోయిందనుకొని నా పుస్తకం సంచీలో పెట్టుకున్నాను. పదహారక్క చేతిలో కాగితం సగం మడతలో ఆపేసింది. పక్క గదిలో మిషను చప్పుడు జోరుగా ఉందని చూసుకొని, గొంతు తగ్గించింది.

“ఒక్క ముల్లు ఉండిపోయింది బాబూ.”

“ఏమిటక్కా?”

“తొంభై ఎనిమిది నుంచి నూట పదకొండు దాకా. ఆ పద్నాలుగూ నేను చదవలేదు. ఆయనా చదవలేదు. విమర్శ రాసినాయన చదివాడని నాకు నమ్మకం లేదు. ఒకవేళ మధ్యలో ఎక్కడో వెనకటి సంగతి ఎత్తుకున్నారేమో. లేకపోతే తాత పోతే మనవడు వచ్చాడేమో, తాత పేరే పెట్టుకొని. మంత్రిగిరీ ఇళ్ళల్లో తిరిగేదే కదా. ఆ కుర్రాడు సరిగ్గానే రాసుంటే? పెద్దాయన చదవకుండానే తప్పొప్పేసుకున్నాడు, నేను చదవకుండానే ఒప్పించాను. చీటీలేమో మూడొందలు.”

“ఫారం చేతిలోనే ఉంది కదక్కా ఆ రోజు. లోపలికి చూడలేకపోయావా?”

“అప్పుడు గెలుస్తున్నాను నాయనా. గెలిచేవాళ్ళు లోపలికి చూస్తారా?”

ఆ ఫారం ఇప్పుడెక్కడుందని అడిగాను. చిత్తు కాగితాల్లో పోయిందట. పుస్తకం మాత్రం లైబ్రరీలో ఉంటుంది. కొనేవాళ్ళు లేని పుస్తకాలన్నీ అక్కడికే పోతాయని వాళ్ళాయన చెప్పాడట.

“నువ్వెటూ అక్కడికే వెళ్తావుగా. తీసి చూడు. మంత్రి నిజంగా పోయుంటే, వచ్చి అందరూ వినేట్టు చెప్పు. పోకపోతే నాకొక్కదానికే చెప్పు. మా ఆయన చెవిన పడితే ఎనిమిదో వంతు అని చచ్చేదాకా దెప్పుతాడు.”

“పోకపోతే ఏం చేస్తావు?”

“ఏం చేస్తాను, ఆ ప్రొఫెసరు గారి ఇంటికెళ్ళి ఇంకో చీటీ రాయించుకొస్తాను. జిగురు కలుపుతాను. ఈసారి కింద ఇద్దరి పేర్లూ ఉంటాయి.” సగం మడత పూర్తిచేసి, స్కేలు ముక్కతో గీత లాగింది. “ఇక నడు, మధ్యాహ్నానికి లైబ్రరీ మూసేస్తారు. ఇదిగో, నీకే చెప్పేది. మొదటి పేజీ, చివరి పేజీ చూసి వచ్చెయ్యకు.”